మోటర్‌హోమ్‌లో యూరప్: బిందె లెక్క తెలిసినవాళ్ల కోసం

(అనంతపురంలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా అన్నది అన్నట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న సార్‌లకు వినపడుతోందా? ఫ్యాన్లు గట్టిగా మోగుతున్నాయి గానీ, ఈ ఎండలో వాటిని ఆపమని అడిగే ధైర్యం నాకు లేదు. కొంచెం గొంతు పెంచే మాట్లాడతా.

ఈ రోజు విషయం ఏమంటే, రిటైరైన భార్యాభర్తలు ఒక మోటర్‌హోమ్ అద్దెకు తీసుకొని యూరప్‌లో నెలో రెండు నెలలో నిదానంగా తిరగడం ఎట్లా అని. నిదానంగా అన్న మాట గుర్తుపెట్టుకోండి. పది రోజుల్లో ఎనిమిది దేశాలు చూసొచ్చే పనైతే దానికి మోటర్‌హోమ్ దండగ. బస్సు టూరు ఉంది, సూట్‌కేసు ఉంది, పోయి రావచ్చు.

ముందు నేనొక ప్రశ్న అడుగుతా. రోజు మార్చి రోజు కొళాయి వచ్చే వీధిలో కాపురం చేసినవాళ్లు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరూ ఎత్తారు. అయితే సగం పాఠం మీకు వచ్చేసినట్టే. మోటర్‌హోమ్ అంటే చక్రాల మీద ఇల్లు అని అందరూ అంటారు. నన్నడిగితే చక్రాల మీద మూడు ట్యాంకులు అంటా. మంచినీళ్ల ట్యాంకు ఒకటి, సుమారు 100 లీటర్లు. వాడిన నీళ్లు పోయే ట్యాంకు ఒకటి, అదీ 90 నుంచి 100 లీటర్లు. మూడోది మరుగుదొడ్డి కింద ఉండే డబ్బా. కాసెట్ అంటారు దాన్ని, 18 లీటర్లు పడుతుంది. మీరు ఎక్కడ ఆగాలి, ఎప్పుడు కదలాలి అనేది ఈ మూడే చెప్తాయి. ఊళ్ల పేర్లు ఆ తర్వాత.

మన లెక్కలోనే చూద్దాం. బిందెకు 15 లీటర్లు అనుకోండి. 100 లీటర్లంటే ఆరున్నర బిందెలు. ఇద్దరు స్నానం చేస్తే, షవర్ కట్టేసి సబ్బు రుద్దుకొని మళ్లీ తిప్పుకుంటే, మనిషికి 10 లీటర్లు. గిన్నెలకు ఆరేడు, వంటకు తాగడానికి ఐదారు, ముఖం చేతులు కాళ్లు అని ఇంకో రెండు మూడు. రోజుకు 33 లీటర్ల దగ్గర తేలుతుంది. అంటే మూడు రోజులు. షవర్ వదిలేసి నిలబడితే మాత్రం ఒక్క రోజే. చెప్పాలంటే ఈ పొదుపు మనకు కొత్త కాదు. ఇరవై నాలుగ్గంటలూ కొళాయిలో నీళ్లు చూసి పెరిగినవాళ్లే అక్కడ రెండో రోజు తిప్పలు పడతారు.

మరి మూడు రోజుల తర్వాత? క్యాంపింగ్ స్థలాల్లోనూ, మోటర్‌హోమ్‌లు రాత్రికి ఆపుకొనే చోట్లలోనూ (జర్మనీలో వాటిని ష్టెల్‌ప్లాట్జ్ అంటారు, ఫ్రాన్సులో ఎయిర్ అంటారు) నీళ్లు నింపుకొనే కొళాయి, వాడిన నీళ్లు వదిలే జాలీ, కాసెట్ ఒంపే చోటు, ఈ మూడూ ఉంటాయి. చాలాచోట్ల నీళ్ల కొళాయి నాణెంతో పనిచేస్తుంది. ఒక యూరో వేస్తే 80 నుంచి 100 లీటర్లు వస్తాయి. కరెంటుకూ అట్లే, 50 సెంట్లు, ఒక యూరో నాణేలు. చాలా యంత్రాలు నోటు తీసుకోవు, కార్డూ తీసుకోవు. అందుకని నాణేలకని ఒక చిన్న డబ్బా స్టీరింగు దగ్గర పెట్టుకోండి. చిల్లర లేక నిండిన కాసెట్‌తో రాత్రంతా గడపడం ఎవరికీ మంచిది కాదు.

సరే, కాసెట్ మాట వచ్చింది కాబట్టి సిగ్గుపడకుండా మాట్లాడుకుందాం. అమ్మా, మీరు నవ్వుతున్నారు గానీ, అక్కడికి పోయినవాళ్లలో చాలామంది మొదటి వారం ఇబ్బంది పడేది ఇక్కడే. మన అలవాటు చెంబు. చెంబుకు లీటరు, లీటరున్నర. ఇద్దరు మనుషులు రోజుకు నాలుగైదు సార్లు చెంబు వాడి, పైన ఫ్లష్ నొక్కితే 18 లీటర్లు ఎన్ని రోజులు? ఒకటిన్నర రోజు. దీనికి ఉపాయం ఉంది. మూతకు చిల్లులు పెట్టిన అర లీటరు సీసా. పిసికితే నీళ్లు చిమ్ముతాయి, పని జరుగుతుంది, అర లీటరు కూడా ఖర్చు కాదు. ఇంకో ఉపాయం, క్యాంపింగ్‌లో ఉన్నప్పుడు పగలు వాళ్ల మరుగుదొడ్లే వాడండి. కాసెట్‌ను రాత్రికి, దారికి దాచుకోండి.

ఒంపే పద్ధతి చెప్తా, రాసుకోండి. లోపల కమోడ్ అడుగున ఒక పలక ఉంటుంది, అటూ ఇటూ జరిగేది. ముందు అది పూర్తిగా మూయాలి. మూయకపోతే కాసెట్ బయటికి రాదు, బలవంతం చేస్తే పలక విరుగుతుంది. బండి పక్కన చిన్న తలుపు తెరిచి కాసెట్ లాగండి. ఒంపే గొట్టాన్ని పైకి తిప్పి మూత తీయండి. వంచేటప్పుడు బొటనవేలు కింద ఒక గుండీ ఉంటుంది, అది నొక్కి పట్టుకోండి. అది గాలి గుండీ. గాలి లోపలికి పోకపోతే లోపలిది గుడుగుడుమని ఎగిసిపడి ప్యాంటు మీద చిందుతుంది. వంచడం మొదలుపెట్టిన తర్వాతే నొక్కాలి, నిలువుగా ఉన్నప్పుడు కాదు. తర్వాత కొంచెం నీళ్లు పోసి రెండుసార్లు కుదిపి ఒంపండి. చివరగా రెండు లీటర్ల నీళ్లు, సీసా మీద రాసిన కొలత ప్రకారం నీలం మందు, సుమారు 100 నుంచి 150 మిల్లీలీటర్లు. ఆ మందు వాసనను అణిచిపెడుతుంది, లోపలిదాన్ని కరిగిస్తుంది. బయట ఆ చోట రెండు కొళాయిలు ఉంటాయి. ఒకటి కాసెట్ కడగడానికి, ఒకటి తాగేనీళ్లకు. కడిగే కొళాయికి మీ మంచినీళ్ల పైపు తగిలించకండి. ఎంతోమంది కాసెట్లు దాని మూతికి తగిలి ఉంటాయి.

ఇంకొకటి. పల్లపు ఊరి నుంచి పెద్ద కనుమ ఎక్కితే బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, మూసిన కాసెట్‌లో మాత్రం పాత ఒత్తిడే ఉంటుంది. పైకెక్కి ఆగి పలక గబుక్కున తెరిస్తే పిచికారీ కొట్టినట్టు కొడుతుంది. పైన మూత వేసి పెట్టి, పలక కొద్దిగా జరిపి, గాలి పోయాక తెరవండి.

వాడిన నీళ్ల ట్యాంకుకు శత్రువు నూనె. పప్పు అంటిన పళ్లెం నేరుగా సింకులో కడిగితే ఆ నూనె, ఆ పప్పు ట్యాంకు గోడలకు పట్టి, ఎండలో మూడో రోజుకు బండంతా కంపు. పళ్లేన్ని కాగితంతో తుడిచి ఆ కాగితం చెత్తబుట్టలో వేసి, తర్వాత కడగండి. రాగి సంగటి చేసిన తప్పల కడగడానికే అర బిందె పోతుంది, తెలుసు కదా. అందుకని సంగటిని కొళాయిలు, కడిగే తొట్లు ఉన్న క్యాంపింగ్‌కు వాయిదా వేయండి. ఉగ్గాని మాత్రం ఈ బండి కోసమే పుట్టిందా అనిపిస్తుంది. బొరుగులు తడిపి పిండి, ఒక్క బాణలి, పది నిమిషాలు. తడిపిన నీళ్లు పారబోయకుండా ఆ బాణలి కడగడానికే వాడండి.

తిండి సామాను తీసుకుపోయేటప్పుడు ఒక హెచ్చరిక. బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాలు, పాలతో చేసినవి ప్రయాణికులు తీసుకురాకూడదు. నెయ్యి పాల పదార్థమే. కోవా పాల పదార్థమే. పట్టుబడితే తీసి పారేస్తారు. పచ్చి కరివేపాకు, పచ్చి మామిడికాయలు, వీటికి 2019 డిసెంబరు నుంచి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అనాస, కొబ్బరి, అరటి, ఖర్జూరం, దురియన్, ఈ ఐదింటికే మినహాయింపు. కాబట్టి పొడులు తీసుకుపోండి. చెనిక్కాయల పొడి, పప్పుల పొడి, నూనె ఊరగాయలు. బియ్యం, కందిపప్పు పెద్ద ఊళ్లలో ఆసియా దుకాణాల్లో దొరుకుతాయి. బరువు మోసుకుపోనక్కర్లేదు.

బరువు అంటే గుర్తొచ్చింది, ఇది చాలా ముఖ్యం. అక్కడ కారు లైసెన్సుతో నడపగలిగే బండి మొత్తం బరువు 3500 కిలోలు. మన దగ్గర ఎల్‌ఎంవీ లైసెన్సు మీద 7500 కిలోల దాకా నడుపుతాం, ఆ లెక్క అక్కడ చెల్లదు. ఇప్పుడు చూడండి, ఒక మామూలు మోటర్‌హోమ్ డ్రైవరుతో, డీజిలుతో కలిపి 3000, 3100 కిలోలు తూగుతుంది. మిగిలేది 400. రెండో మనిషి 65, నిండా నీళ్లు 100, రెండో గ్యాసు సిలిండరు 22, ఇద్దరి సూట్‌కేసులు 46, వంట సామాను తిండి 50, బల్ల కుర్చీలు కేబుళ్లు 40, ముచ్చటపడి బ్యాటరీ సైకిళ్లు రెండు తీసుకుంటే 50. కూడండి. 373. ఇంకా ద్రాక్షసారా సీసాలు కొనలేదు, కొనేవాళ్లు కొంటారు కదా! స్విట్జర్లాండులో, ఆస్ట్రియాలో పోలీసులు తూకం వేస్తారు, ఎక్కువుంటే జరిమానా వేసి, దించేదాకా కదలనివ్వరు. అందుకని దగ్గర్లోనే నీళ్లు దొరికే చోటికి పోతున్నప్పుడు ట్యాంకు పావు వంతే నింపుకొని నడపండి.

కరెంటు సంగతి

అక్కడ కూడా మన లాగే 230 వోల్టులు. కాబట్టి మన మిక్సీ కాలిపోదు. కానీ పనిచేస్తుందా? అదీ ప్రశ్న. బండిలో 230 వోల్టుల సాకెట్లు బయటి కేబుల్ తగిలించినప్పుడు మాత్రమే పనిచేస్తాయి. కేబుల్ లేనప్పుడు లైట్లు, నీళ్ల పంపు, ఫోను చార్జింగు, అంతే. అవన్నీ 12 వోల్టుల ఇంటి బ్యాటరీ మీద నడుస్తాయి. ఆ బ్యాటరీ మామూలుగా 95 ఆంపియర్ అవర్ ఉంటుంది, మామూలు సీసం బ్యాటరీ అయితే అందులో సగమే వాడుకోవాలి. సగం దాటి దించితే బ్యాటరీ ఆయుస్సు పడిపోతుంది. కాబట్టి చట్నీ చేయాలంటే కేబుల్ ఉన్న చోటే. లేకపోతే పొడి కలుపుకోండి.

కేబుల్ ఉన్నా చిక్కు ఉంది. క్యాంపింగ్ స్తంభం దగ్గర రాసి ఉంటుంది, 6 ఆంపియర్లా, 10 ఆంపియర్లా, 16 ఆంపియర్లా అని. 6 ఆంపియర్లంటే 230తో గుణిస్తే 1380 వాట్లు. 750 వాట్ల మిక్సీ తిరుగుతుంది. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి పెడితే స్తంభంలో ఫ్యూజు కొట్టేస్తుంది. మిక్సీ తిరుగుతుండగా నీళ్లు కాగబెట్టే కెటిల్ వేసినా అంతే. కొన్ని చోట్ల ఆ ఫ్యూజు పెట్టె తాళం ఆఫీసు వాళ్ల దగ్గరే ఉంటుంది, ఆఫీసు సాయంత్రమే మూసేస్తారు. ఇక రాత్రంతా చీకట్లో కూర్చోవాలి. ఇంకో చిక్కు, మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్లో దూరదు. రెండు పిన్నులది దూరుతుంది. మిక్సీకి, రైస్ కుక్కరుకు అడాప్టరు ఇక్కడి నుంచే తీసుకుపోండి.

కేబుల్ 25 మీటర్లు ఉంటుంది, నీలం రంగు ప్లగ్గు. బండి పది అడుగుల్లోనే ఉన్నా కేబుల్ మొత్తం విప్పి నేల మీద పరచండి. చుట్ట చుట్టి వదిలితే వేడి బయటికి పోక పై తొడుగు కరిగిపోతుంది. తగిలించేటప్పుడు ముందు బండికి, తర్వాత స్తంభానికి. తీసేటప్పుడు ముందు స్తంభం దగ్గర, తర్వాత బండి దగ్గర. ఎందుకని? చేతిలో కరెంటున్న కొస ఉండకూడదని.

గ్యాసు, ఫ్రిజ్, చలి

జర్మనీలో అద్దె బండికి మామూలుగా 11 కిలోల సిలిండర్లు రెండు ఇస్తారు. మన ఇంటి సిలిండరు 14.2 కిలోలు కదా, దానికన్నా చిన్నది. వంటకు మాత్రమే అయితే ఇద్దరికి ఒక సిలిండరు మూడు వారాలు దాటి వస్తుంది. హీటరు వేస్తే చలిలో నాలుగైదు రోజులకే ఖాళీ. అందుకే చలికాలం వెళ్లొద్దంటా. సిలిండరు మూతి, మార్పిడి పద్ధతి ప్రతి దేశానికీ వేరు. జర్మనీ సిలిండరును ఇటలీలో మార్చి ఇవ్వరు. సరిహద్దు దాటే ముందు ఏది సగానికి వచ్చిందో చూసి, అవసరమైతే ఇవతలే మార్చుకోండి. కొనేటప్పుడు ప్రొపేన్ అడగండి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం ఆపేస్తుంది. సిలిండరు బరువుగానే ఉంటుంది, పొయ్యి మాత్రం వెలగదు. ప్రొపేన్‌కు మైనస్ 42 దాకా ఆ బాధ లేదు.

పోపు వేసేటప్పుడు పైకప్పు కిటికీ తెరవండి. ఘాటు కోసం మాత్రమే కాదు. ఆ చిన్న గదిలో గ్యాసు కాలితే గాలి చెడుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. చలిగా ఉందని పొయ్యి వెలిగించి తలుపులు మూసుకొని పడుకోవడం మాత్రం ఎప్పుడూ, ఎప్పుడూ చేయకూడదు. హీటరు వేరు. దానికి గాలి బయటి నుంచి వస్తుంది, పొగ బయటికే పోతుంది.

ఇప్పుడొక విచిత్రం చెప్తా. ఏప్రిల్‌లోనో అక్టోబరులోనో కొండల దగ్గర ఆగుతారు. తెల్లారి లేచేసరికి బండి కింద నీళ్లు కారిపోయి ఉంటాయి. ట్యాంకు ఖాళీ. పైపు పగిలిందని కంగారుపడి అద్దె కంపెనీకి ఫోను చేస్తారు. పగల్లేదు. ట్రూమా కంపెనీ హీటర్లలో ఒక రక్షణ వాల్వు ఉంటుంది. దాని దగ్గర ఉష్ణోగ్రత 3 డిగ్రీలకు పడితే, బాయిలర్‌లో నీళ్లు గడ్డకట్టి బాయిలర్ పగలకుండా నీళ్లను తానే వదిలేస్తుంది. సుమారు 7 డిగ్రీలు దాటేదాకా తిరిగి మూసుకోదు. ఏం చేయాలి? హీటరు వేసి లోపల వేడెక్కాక ఆ వాల్వు గుండీ మళ్లీ పెట్టాలి. అద్దెకు తీసుకొనే రోజే ఆ గుండీ ఎక్కడుందో చూపించమని అడగండి. మామూలుగా మంచం కిందో, సోఫా కిందో ఉంటుంది.

ఫ్రిజ్ రెండు రకాలు. వ్యాన్ లాంటి చిన్న బండ్లలో కంప్రెసర్ ఫ్రిజ్, మన ఇంట్లోలాంటిది, బ్యాటరీ తింటుంది. పెద్దవాటిలో అబ్జార్ప్షన్ ఫ్రిజ్. ఇది మూడు రకాలుగా నడుస్తుంది. నడిచేటప్పుడు 12 వోల్టులు, కేబుల్ ఉంటే 230, ఏదీ లేకపోతే గ్యాసు. దీని లోపల అమ్మోనియా ద్రవం పల్లానికి పారాలి, అందుకే బండి సమంగా నిలవకపోతే చల్లబడదు. వాలుగా ఆపి, ఫ్రిజ్ చెడిపోయిందని అనుకోవద్దు. చక్రాల కింద ర్యాంపులు పెట్టి సమం చేయండి. ఇన్సులిన్ వాడేవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ ఫ్రిజ్ వెనక రెక్కల దగ్గర గడ్డకడుతుంది. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. తలుపు అరలో పెట్టండి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో చిన్న థర్మామీటరుతో చూసుకోండి. పెట్రోలు బంకులోకి పోయే ముందు ఫ్రిజ్ గ్యాసు మీద లేకుండా చూడండి. లోపల మంట వెలుగుతుంటుంది కదా.

బంకులో ఇంకో ప్రమాదం పేర్లు. ఫ్రాన్సులో గాజోల్ అని రాసి ఉంటుంది, ఇటలీలో గసోలియో, స్పెయిన్‌లో గసోలియో ఆ అనో దియేసెల్ అనో ఉంటుంది. గ్యాసోలిన్ లాగ వినపడి పెట్రోలేమో అనుకుంటారు. అన్నీ డీజిలే. గుర్తు చూసి పోయండి. 2018 నుంచి డీజిల్‌కు చదరపు గడిలో బీ7 అని, పెట్రోలుకు గుండ్రంలో ఈ5, ఈ10 అని పెట్టారు. నీలం మూత ఆడ్‌బ్లూది, అంటే ఇంజను పొగను శుభ్రం చేసే ద్రవానిది, అది డీజిల్ ట్యాంకులో పడితే ఇంజను స్టార్టు కూడా చేయకుండా లాగించుకుపోవాలి. బండి పక్కన మంచినీళ్ల మూత కూడా ఉంటుంది. డీజిల్ మూత అనుకొని అందులో డీజిల్ కొట్టేవాళ్లు ఉన్నారు, నవ్వకండి సార్, ఉన్నారు!

ఏ బండి?

ఒక ముచ్చట. జర్మనీలో ఇస్నీ అనే ఊళ్లో కొరడాలు, స్కీయింగ్ చేతికర్రలు చేసే అరిస్ట్ డెట్‌లెఫ్స్ అనే ఆయన 1931లో కారు వెనక తగిలించే ఇల్లు చేశాడు. ఎందుకు? ఆయన అమ్మకాల కోసం ఊళ్లు తిరిగేవాడు, ఆయన పెళ్లి చేసుకోబోయే ఫ్రిడెల్ ఎడెల్‌మాన్ చిత్రకారిణి, తనూ వస్తానంది, బొమ్మలు వేసుకోవడానికి చోటు కావాలంది. జర్మనీలో ఈ పరిశ్రమ మొదలైందే ఒక జంట కలిసి తిరగాలనుకోవడంతో.

మన వయసు జంట చూడాల్సింది మంచం. చాలా వ్యాన్లలో మంచం అడ్డంగా ఉంటుంది. గోడ వైపు పడుకున్నవాళ్లు రాత్రి లేవాలంటే రెండోవాళ్ల మీదుగా దాటాలి. రాత్రికి రెండుసార్లు లేచే వయసులో అది కాపురానికి మంచిది కాదు. డ్రైవరు నెత్తిన నిచ్చెన వేసి ఎక్కే మంచం మోకాళ్లు బాగున్నవాళ్లకు. నిలువుగా రెండు విడి మంచాలుండే బండి అడగండి. 6.36 మీటర్ల ఫియట్ డుకాటో వ్యాన్లలో కూడా దొరుకుతుంది. మధ్యలో మంచం, రెండు వైపులా నడిచే దారి ఉన్నది ఇంకా సుఖం, కానీ బండి 7 మీటర్లు దాటుతుంది. గేర్లు ఆటోమేటిక్ అడగండి, కొంచెం ఎక్కువైనా సరే. ఎందుకంటే అక్కడ స్టీరింగు ఎడమ వైపు, గేరు కుడి చేతికి వస్తుంది. ఇండికేటరు మాత్రం ఎడమ చేతికి. మొదటి రెండు రోజులు మలుపు దగ్గర వైపర్లు ఆడిస్తూ ఉంటారు.

నడపడంలో మూడు మాటలే. ఒకటి, ఎడమ సీటులో కొత్తగా కూర్చున్నవాళ్లు బండిని తెలియకుండానే కుడి అంచుకు తోస్తారు. కుడి అద్దం, కుడి చక్రం తగిలేది అందుకే. పక్క సీటులో ఉన్నవాళ్ల పని ఫోను చూడటం కాదు, కుడి అంచు చూడటం. రెండు, వెనక చక్రాల తర్వాత రెండు మీటర్ల తోక ఉంటుంది. స్టీరింగు ఎడమకు గట్టిగా తిప్పితే ఆ తోక కుడికి విసురుతుంది. మూడు, జర్మనీ ఆటోబాన్‌లో మరమ్మతులు జరిగేచోట ఎడమ వరుసకు వెడల్పు పరిమితి రాస్తారు, 2 మీటర్లు, 2.1 అని. అద్దాలతో కలిపి మీ బండి అంతకన్నా చాలా వెడల్పు. కుడి వరుసలోనే, లారీల వెనకే పోండి. మీకు తొందరేముంది? బండి ఎత్తు మీటర్లలో రాసి అద్దం మీద అంటించండి. అద్దె బండి బీమాలో పైకప్పు దెబ్బలు చాలాసార్లు కవరు కావు, ఒప్పందం చదువుకోండి.

కొండలు దిగేటప్పుడు గువ్వలచెరువు ఘాట్ గుర్తుతెచ్చుకోండి. అదే సూత్రం. ఏ గేరులో ఎక్కాలో ఆ గేరులోనే దిగాలి. బ్రేకు తొక్కుతూ దిగితే వేడెక్కి పట్టు వదిలేస్తుంది. ఆస్ట్రియా నుంచి ఇటలీకి బ్రెన్నర్ కనుమ మీదుగా పోండి, 1370 మీటర్లే, వెడల్పాటి రోడ్డు. స్టెల్వియో కనుమ 2757 మీటర్లు, ఒక్క ప్రాటో వైపే 48 హెయిర్‌పిన్ మలుపులు. ఫోటోల్లో బాగుంటుంది, మీ బండికి వద్దు.

టోల్ గురించి తొందరగా చెప్పేస్తా. 3500 కిలోల లోపు బండికి జర్మనీలో టోల్ లేదు. స్విట్జర్లాండులో ఏడాదికి 40 ఫ్రాంకుల స్టిక్కరు, ఆస్ట్రియాలోనూ స్టిక్కరే, దానికి తోడు బ్రెన్నర్ లాంటి చోట్ల విడిగా కట్టాలి. ఫ్రాన్సులో ఎత్తును బట్టి: 3 మీటర్ల లోపు రెండో తరగతి, దాటితే మూడో తరగతి, డబ్బు బాగా పెరుగుతుంది. 3.05 మీటర్ల బండి తీసుకొని ఫ్రాన్సు తిరిగితే ఆ ఐదు సెంటీమీటర్లకు ప్రతి గేటు దగ్గరా కట్టాలి. ఇటలీ పాత ఊళ్లలో జెడ్‌టీఎల్ అని రాసిన చోటికి, అంటే అనుమతి లేని బండ్లు పోకూడని వీధుల్లోకి, పోకండి. కెమెరా ఫోటో తీస్తుంది, జరిమానా నెలల తర్వాత అద్దె కంపెనీ ద్వారా, వాళ్ల ఖర్చులు కలుపుకొని, మీ క్రెడిట్ కార్డుకు వస్తుంది.

కాగితాలు. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మన రవాణా కార్యాలయంలోనే ఇస్తారు, ఫారం 4ఏ, 1000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. కానీ అసలు లైసెన్సు ముందే ముగిసిపోతే పర్మిట్టూ అంతే. 55 దాటినవాళ్లకు లైసెన్సు ఐదేళ్లకోసారి కాబట్టి ముందు అది చూసుకోండి. ఇద్దరూ తీసుకోండి. అమ్మా, మీకే చెప్తున్నా. ఆయనకు జ్వరమొస్తే బండి ఎవరు నడుపుతారు? యూరప్‌లో 29 దేశాలకు ఒక్కటే పనిచేసే షెంగెన్ వీసాకు రుసుము 90 యూరోలు, 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా. బుకింగులు లేకుండా ఎక్కడ పడితే అక్కడ ఆగుతామంటే వీసా అధికారి ఒప్పుకోడు, బండి అద్దె ఒప్పందం, క్యాంపింగ్ బుకింగులు, రోజువారీ పట్టిక పెట్టాలి. 29 దేశాలకూ కలిపి ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే, దిగిన రోజు, తిరిగొచ్చే రోజు రెండూ లెక్కలోకే. 2025 అక్టోబరు నుంచి ముద్రల బదులు వేలిముద్రలు, ముఖం యంత్రంలో ఎక్కిస్తున్నారు, ఒక్క రోజు ఎక్కువున్నా యంత్రం చూపిస్తుంది. 2024 ఏప్రిల్ నుంచి మనవాళ్లకొక వెసులుబాటు ఉంది. మూడేళ్లలో రెండు వీసాలు సక్రమంగా వాడినవాళ్లకు రెండేళ్ల వీసా, ఆ తర్వాత ఐదేళ్లది ఇవ్వొచ్చు. కాబట్టి మొదటి రెండుసార్లూ చిన్నగా పోయి రండి.

ఎప్పుడు? మే, జూన్, లేదా సెప్టెంబరు. జులై, ఆగస్టుల్లో అక్కడి బడి పిల్లల సెలవులు, అద్దె దాదాపు రెట్టింపు, చోటు దొరకదు. ఎక్కడ? ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగండి. ఆ రాత్రి హోటల్లో పడుకోండి, విమానం దిగి నేరుగా స్టీరింగు పట్టుకోవద్దు. తర్వాత మోజెల్ నది లోయ, కోబ్లెంజ్ నుంచి ట్రియర్ దాకా. నది పక్కన, ద్రాక్షతోటల్లో ష్టెల్‌ప్లాట్జ్‌లు వరుసగా ఉంటాయి, రాత్రికి 10 నుంచి 20 యూరోలు. వానలు ఎక్కువైతే నది గట్టు చోట్లు మునుగుతాయి, బోర్డు చూసి పైన ఆపుకోండి. అక్కడి నుంచి ఫ్రాన్సులో ఆల్సాస్ ద్రాక్ష దారి, 170 కిలోమీటర్లు. నిదానంగా పోతే ఈ రెండు లోయలకే మూడు వారాలు సరిపోతుంది. కదిలే రోజు 150 కిలోమీటర్లు చాలు, ఇక్కడి నుంచి కర్నూలు దాకా పోయినట్టు. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి మూడు దాకా జర్మనీలో చాలా క్యాంపింగ్‌ల గేటు మూసేస్తారు, నిద్ర వేళ. పన్నెండు లోపు చేరండి, లేకపోతే గేటు బయట లైన్లో ఉండాలి. ఆదివారం దుకాణాలుండవు, శనివారమే కొనుక్కోండి. హైవే పక్కన పార్కింగులో రాత్రి పడుకోవద్దు, ముఖ్యంగా దక్షిణ ఫ్రాన్సు, స్పెయిన్ వైపు. దొంగతనాలు జరిగేది అక్కడే. క్రొయేషియాలో క్యాంపింగ్ బయట రాత్రి ఉంటే జరిమానా.

ఇక బయలుదేరే ముందు చూసుకొనేవి. గ్యాసు కట్టేశామా, పైకప్పు కిటికీలు మూశామా, కేబుల్ తీశామా, మెట్టు లోపలికి మడిచామా, ఫ్రిజ్ 12 వోల్టులకు మార్చి తలుపు బిగించామా, అరల గొళ్లాలు వేశామా, నీళ్ల పంపు ఆపామా, ర్యాంపులు ఎత్తామా. ఒకరు చేయాలి, రెండోవాళ్లు బండి చుట్టూ తిరిగి గట్టిగా చదువుతూ చూడాలి. మర్నాడు పనులు మార్చుకోవాలి. కాసెట్ ఎప్పుడూ ఆయనే, వంట ఎప్పుడూ ఆమే అని పంచుకుంటే, ఒకరికి నడుం పట్టిన రోజు బండి అక్కడే నిలిచిపోతుంది.

నా సమయం అయిపోయింది, టీ వచ్చినట్టుంది. ప్రశ్నలు టీ తర్వాత. ఆ కిటికీ పక్కన బల్ల మీద నీలం ప్లగ్గు, అడాప్టరు, చిల్లుల మూత సీసా పెట్టాను. ముట్టుకొని చూడండి. ప్లగ్గును సాకెట్లో పెట్టి తీయడం ఇక్కడే రెండుసార్లు చేయండి, కొంచెం బిగువుగా ఉంటుంది.